ఫాదర్‌గారి స్కూల్లో స్వామి గది

మొన్న ఒక పెళ్ళిచూపులకు వెళ్ళాం. అమ్మాయి తండ్రి ఎరువుల వ్యాపారి, మనిషిని చూడగానే మనసులో తూకం వేసే రకం. నా ఉద్యోగం అడిగి పెదవి విరిచాడు. పొలం ఏమైనా ఉందా అని అడిగి, లేదంటే ఇంకోసారి విరిచాడు. ఇక లేస్తాడనగా, హైస్కూలు ఎక్కడ చదివావని అడిగాడు. రాజమండ్రిలో ఫాదర్‌గార్ల మగపిల్లల స్కూలని మా నాన్న అందుకున్నాడు. అంతే, ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఆ మాట ముందు చెప్పరేంటండీ! అక్కడ చదివిన కుర్రాడంటే ఇంక అడిగేదేముందండి," అని లోపలికి తిరిగి, కాఫీతో పాటు స్వీటు కూడా తెమ్మని కేకేశాడు.

నాన్న నా వైపు చూసి కళ్ళతోనే "చూశావా?" అన్నాడు. ఆ "చూశావా" నేను ఎనిమిదో తరగతి నుంచి చూస్తున్నాను. ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ స్కూలు పేరు ఇక్కడ రాయను. ఆ పేరు నాకు చేసిన మేలు చాలు.

ఆ స్కూలు మంచిది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత ఎవరూ నాతో వాదనకు రాకుండా. అన్నం సరిగ్గా పెట్టేవారు. ఒంట్లో బాగోకపోతే వార్డెన్ బ్రదర్‌గారు తానే పక్కన కూర్చుని మాత్ర వేయించేవారు. డ్రిల్లు మాస్టారి బెత్తం తప్ప ఇంకెవరి చెయ్యీ మా మీద పడేది కాదు. చెడ్డవాళ్ళెవరూ లేకపోవడమే నాకొచ్చిన కష్టం. ఒక్క చెడ్డవాడుంటే వాడి పేరు చెప్పుకుని ఇంటికొచ్చేసేవాణ్ణి.

ఇల్లంటే మండపేటలో ఒక రైసుమిల్లు వెనక రెండు గదుల పోర్షను. నాన్న ఆ మిల్లు లారీ డ్రైవరు. ఉడికిన ధాన్యం వాసన, గాలి మళ్ళితే కళ్ళల్లో పడే ఊక, ఆగి ఉన్న లారీ క్యాబిన్లో నేనూ మా తమ్ముడూ ఆడుకునే డ్రైవరాట, ఇదీ నా లోకం. వాడు నాకంటే బాగా చిన్నవాడు. స్టీరింగు నాది, హారను వాడిది. మిల్లు ఓనరుగారి అబ్బాయిలిద్దరూ ఆ స్కూల్లో చదివి పైకొచ్చారు. ఆయన ఓ మాట సాయం చేస్తే ఎనిమిదో తరగతిలో నాకు హాస్టల్‌తో సహా సీటొచ్చింది. సీటొచ్చిన రోజున నాన్న లారీకి కొత్త నిమ్మకాయలు కట్టాడు. మా వీధిలో అప్పటిదాకా ఎవరూ ఆ స్కూలు గేటు లోపలికి వెళ్ళలేదు. నాన్నకు నేను చదివి ఏమవుతానన్నది తరవాతి సంగతి, ఆ గేటు దాటడమే ఘనకార్యం.

హాస్టల్లో అన్నిటికీ గంట. లేవడానికి గంట, పళ్ళు తోముకోవడానికి గంట, చదవడానికి, తినడానికి, పడుకోవడానికి గంట. ఏడవడానికి మాత్రం గంట లేదు, అందుకని ఎప్పుడు ఏడవాలో తెలిసేది కాదు. ఆదివారం వార్డెన్ బ్రదర్‌గారి సెల్లులో ఇంటికి మాట్లాడనిచ్చేవారు. ఆయన పక్కనే ఉండేవారు, వెనక వరసలో మిగతా పిల్లలు. "బాగున్నావా?" "బాగున్నాను." "బాగా చదువుతున్నావా?" "ఆయ్." ఫోను పక్కవాడి చేతిలోకి వెళ్ళిపోయేది.

నా పక్క మంచం రంపచోడవరం పైన ఏజెన్సీ నుంచి వచ్చిన కోయ కుర్రాడిది. నిద్రలో వాళ్ళ భాషలో మాట్లాడేవాడు. అటుపక్క కాకినాడ దగ్గర సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళ అబ్బాయి. ఎదురుగా కోనసీమ నుంచి ఒక పంతులుగారబ్బాయి, కోడిగుడ్డు పెట్టిన రోజున తన గుడ్డు మాకిచ్చి మా మజ్జిగ తాను తీసుకునేవాడు. కిటికీ దగ్గర పరుపుల దుకాణం వాళ్ళ ముస్లిం కుర్రాడు, దూదిని వేలితో నలిపి ఏ రకమో చెప్పేవాడు. సగంమంది క్రైస్తవులు, వాళ్ళు పొద్దున్నే చాపెల్లో పూజకు వెళ్ళేవారు. మిగిలిన మాకు ఆ టైములో నీతిపాఠాలు.

హెడ్మాస్టర్ ఫాదర్‌గారికి ఈ రకరకాల పిల్లలంటే గర్వం. పొడుగ్గా, సన్నగా, తెల్లటి అంగీలో ఉండేవారు. ఎవరు స్కూలు చూడ్డానికొచ్చినా మమ్మల్ని వరసగా నిలబెట్టి, "మా స్కూలు ఒక పూలదండ. పూలు వేరు వేరు, దారం ఒక్కటే," అనేవారు. వచ్చినవాళ్ళు తలలూపేవారు. దండలో ఉండటం ఇష్టమేనా అని పువ్వును అడిగినవాళ్ళు లేరు.

తొమ్మిదో తరగతి మొదట్లో ఒకసారి పారిపోయాను. సాయంత్రం ఆటల గంటలో గేటు తీసి ఉంటే బయటికొచ్చి, బస్టాండుకు నడిచి, మండపేట బస్సెక్కి కూర్చున్నాను. కండక్టరు వచ్చి టిక్కెట్టు అడగబోయి, నా బెల్టు బకిలు మీది స్కూలు గుర్తు చూశాడు. "ఏంటి బాబూ, అవుటింగా?" అన్నాడు. నేను అవునన్నాను. "బుధవారం అవుటింగేంటి బాబూ, మా రోజుల్లో ఆదివారమే కదా," అని నవ్వాడు. ఆయన అక్కడే చదువుకున్నాడట. నన్ను దింపి, తనకు తెలిసిన ఆటో ఎక్కించి, తోవలో తినమని బన్ను కొనిచ్చి మరీ స్కూలుకు పంపించాడు. ఆటో డ్రైవరు డబ్బులు తీసుకోలేదు, వాళ్ళ అన్నగారు కూడా అక్కడే చదివారట. స్కూలుకు గోడలు చుట్టూరా ఉన్నాయనుకునేవాణ్ణి. ఆ రోజున నాకు ఊరంతా గోడేనని తెలిసింది. మందులషాపాయన, రైల్వే బుకింగులో గుమాస్తా, పానీపూరీ బండి పక్కన నిలబడే ట్రాఫిక్ కానిస్టేబులు, అందరూ పాతవాళ్ళే. అందరూ మంచివాళ్ళే. ఎవరి కంట పడ్డా బన్ను కొనిచ్చి వెనక్కి పంపించేస్తారు.

ఫాదర్‌గారు కోప్పడలేదు. "ఇల్లు గుర్తొచ్చిందా?" అన్నారు. తలూపాను. "అందరికీ గుర్తొస్తుంది. నాకూ వస్తుంది," అన్నారు. నాన్నకు కూడా చెప్పలేదు, బాధపడతాడని. అదిగో, అటువంటి మంచితనంతోనే నేను వేగలేకపోయింది.

ఆ సమయంలో హాస్టల్లో ఒక కబురు వచ్చింది. ఎక్కడో ఒక ఊళ్ళో, ఇలాంటి స్కూల్లోనే, అయ్యప్ప మాల వేసుకుని నల్లబట్టల్లో వచ్చిన పిల్లవాణ్ణి గేటు దగ్గరే ఆపి, దీక్ష అయ్యాక రమ్మని ఇంటికి పంపించేశారట. పిల్లలందరూ అన్యాయం అన్నారు. నాకు మాత్రం ఆ పిల్లవాడి అదృష్టానికి కడుపు మండింది. ఆ మంచం మీద పడుకుని లెక్కలు వేసుకున్నాను. మాలలో ఉన్నవాడు నల్లబట్టలు కట్టాలి, చెప్పులు తొడగకూడదు, తెల్లారకుండా చన్నీళ్ళు పోసుకుని పూజ చేసుకోవాలి, వేరే గిన్నెల్లో వండింది తినాలి, నేల మీద చాపేసుకుని పడుకోవాలి. మా హాస్టల్లో తెల్లచొక్కా, బూట్లు, ఇనప మంచాలు, ఆదివారం కోడికూర, గోడ పక్కనే చాపెలు. ఈ రెండిటికీ పొత్తు ఎక్కడ కుదురుతుంది? మండలం రోజులు ఇంటి దగ్గరే ఉంటాను. ఈలోపు అర్ధసంవత్సర పరీక్షలు అయిపోతాయి. చదువు వెనకబడిందని నాన్న మండపేటలోనే ఏదో స్కూల్లో వేసేస్తాడు. నాకైతే ఒక్క లొసుగూ కనపడలేదు.

కార్తీకమాసంలో రెండు రోజులు ఇంటికి పంపించినప్పుడు అమ్మతో అన్నాను, మాల వేసుకుంటానని. అమ్మ నా మొహం అనుమానంగా చూసింది. "నీకెప్పటినుంచిరా ఈ భక్తి?" అంది. నాన్న మాత్రం పొంగిపోయాడు. ఏటా కొండకు వెళ్ళే మిల్లు మేస్త్రీ మా వీధికి గురుస్వామి, ఆయనే గుళ్ళో నా మెళ్ళో మాల వేశాడు. అంతవరకు నన్ను "ఒరేయ్" అని పిలిచిన నాన్న, మాల పడగానే వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టి "స్వామీ" అన్నాడు. మాలలో ఉన్నవాడు దేవుడితో సమానం, కన్నతండ్రి అయినా కాళ్ళకు మొక్కాలి, మీరు అనాలి. తమ్ముడు నవ్వు ఆపుకోలేక లారీ వెనక్కి పరిగెత్తాడు.

ఆదివారం సాయంత్రం నాన్న నన్ను స్కూలుకు తీసుకెళ్ళాడు. దారిపొడుగునా ఆయనకు ఒకటే బెంగ. "ఏమంటారో ఏంటో స్వామీ. వద్దంటే కాళ్ళు పట్టుకుందామా అండి?" అంటాడు. నేను దేవుడి మీద భారం వేసినట్టు మొహం పెట్టాను. లోపల మాత్రం, వద్దంటారు నాన్నా, వద్దనే అంటారు, మనిద్దరం ఆఖరి బస్సుకు ఇంటికెళ్ళిపోదాం అనుకుంటున్నాను.

గేటు దగ్గర ఫాదర్‌గారే ఎదురయ్యారు. నన్ను పైనుంచి కింది దాకా చూశారు. నల్లచొక్కా, నల్లపంచె, నుదుట విభూతి, గంధం, ఉత్తకాళ్ళు. నాన్న చేతులు కట్టుకుని ఏదో చెప్పబోయాడు. ఫాదర్‌గారు వినిపించుకోలేదు. కాళ్ళకున్న చెప్పులు విడిచారు. రెండు చేతులూ జోడించారు.

"స్వామి శరణం," అన్నారు. "రండి స్వామీ, లోపలికి రండి. నేను పుట్టిన ఊరు మీ కొండకు వెళ్ళే దారిలోనే. చిన్నప్పుడు మా అమ్మ వీధిలో నిలబడి స్వాములకు మజ్జిగ పోసేది. నేను గ్లాసులు కడిగేవాణ్ణి."

ఆయన కేరళ మనిషి. ఆ మాట నాకు తెలుసు, స్కూల్లో అందరికీ తెలుసు. శబరిమల కేరళలో ఉందన్న సంగతీ తెలుసు, సాంఘికశాస్త్రంలో మార్కులు కూడా వచ్చాయి. ఈ రెండూ ఒకచోట పెట్టి చూడాలని మాత్రం నా బుర్రకు తట్టలేదు. నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకూ వచ్చాయి, వేరే కారణం చేత. తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందని ఊరికే అనలేదు.

చాపెల్ పక్కన ఒక గది ఉండేది, క్రిస్మస్‌కు పశువుల పాక కట్టేటప్పుడు పెట్టే బొమ్మలు దాచే గది. దాన్ని కడిగించి నాకిచ్చారు. బాలయేసు తల్లీ తండ్రీ, గొర్రెలు, గొర్రెల కాపర్లు, తూర్పు నుంచి వచ్చిన ముగ్గురు జ్ఞానులు, నా భుజం దాకా వచ్చే ఒక ఒంటె, అన్నీ ఓ గోడకు. రెండో గోడకు నా పీట, అయ్యప్ప పటం, చాప. తెల్లవారుజామున నేను శరణుఘోష చెప్పుకుంటుంటే ఒంటె నా వీపు వంకే చూసేది. అవతల చాపెల్లో మా వాళ్ళు పాటలు పాడేవారు. ఫాదర్‌గారు ఒకరోజు తలుపు దగ్గర నిలబడి నా శరణుఘోష విని, ఒక మాట నేను పలికే తీరు దిద్దారు కూడా.

వంట చేసే ఆవిడ క్రైస్తవురాలు, పెద్దావిడ. నా కోసం కొత్త గిన్నెలు, విడిగా ఒక స్టవ్వు పెట్టుకుంది. నాకు వండే ముందు మళ్ళీ స్నానం చేసేది. "స్వామికి వండే చేత్తో చేప తోమడానికి మనసొప్పట్లేదండి," అని ఆ పని ఇంకొకరికి అప్పగించింది. మధ్యాహ్నం నేను భిక్ష చేస్తుంటే తలుపు అవతల నిలబడి, చాలిందాండి స్వామీ, ఇంకాస్త వడ్డించనా అండీ అని అడిగేది. పప్పులో ఉప్పు ఎక్కువైనా నేను తలెత్తి చెప్పలేకపోయేవాణ్ణి. అంత శ్రద్ధగా చూసుకునే మనిషిని ఏమని బాధపెడతాం?

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మాలకు ముందు నాకు కనీసం పక్క మంచాలు ఉండేవి. కోయ కుర్రాడు నా దుప్పటి లాగేవాడు, నేను వాడి దిండు లాగేవాణ్ణి. ఇప్పుడు వాడు నన్ను చూస్తే చేతులు కట్టుకుని "స్వామీ" అంటున్నాడు. ఒరేయ్, నేనేరా, అంటే "తప్పు స్వామీ," అని నాలుక కరుచుకుంటున్నాడు. నాతో కబడ్డీ ఆడేవాడు లేడు, తిట్టేవాడు లేడు. లెక్కల మాస్టారు "హోంవర్కు చెయ్యలేదేంటండీ స్వామీ," అని బతిమాలే గొంతుతో అడిగేవారు. డ్రిల్లు మాస్టారు వరసలో అందరికీ బెత్తంతో ఒక్కోటి అంటిస్తూ వచ్చి, నా దగ్గర ఆగి, బెత్తం చంకలో పెట్టుకుని దణ్ణం పెట్టి, నా వాటా కూడా నా పక్కవాడికి ఇచ్చేవారు. తెల్లచొక్కాల మధ్య మునుపు ఎక్కడో ఒకచోట కలిసిపోయేవాణ్ణి. ఇప్పుడు నల్లబట్టల్లో మైదానం అటు చివర నుంచి కూడా నేనే కనపడుతున్నాను. ఇక గేటు వైపు చూడటం కూడా కుదరదు.

డిసెంబరు రాగానే పాక కట్టడం మొదలైంది. రోజూ ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, "స్వామి శరణం" అని, ఒక బొమ్మ ఎత్తుకుపోయేవారు. గొర్రెలు పోయాయి, కాపర్లు పోయారు. జ్ఞానులు ముగ్గురూ ఒకే రోజు వెళ్ళిపోయారు. ఒంటె గుమ్మంలో పట్టకపోతే దాని మెడ వంచినట్టు పక్కకు తిప్పి, నలుగురు కలిసి బయటికి తీశారు. ఆ రోజున ఖాళీ గదిలో కూర్చుని ఏడ్చాను. ఒంటెకు కూడా ఆ గదిలోంచి విడుదల దొరికింది, నాకు లేదు. నవ్వుకోండి, ఇప్పుడైతే నేనూ నవ్వుతాను, కానీ ఆ రోజున అది నవ్వులాట కాదు.

ఆ వారంలోనే ఫాదర్‌గార్ల సంఘంలో పెద్దాయన ఒకరు స్కూలు చూడ్డానికొచ్చారు. మళ్ళీ పూలదండ. ఈసారి ఫోటో కూడా. నన్ను మధ్యలో నిలబెట్టారు. పరుపుల దుకాణం కుర్రాణ్ణి టోపీ పెట్టుకోమన్నారు, వాడు స్కూలుకు ఎప్పుడూ టోపీ పెట్టుకుని రాలేదు, ఇంటినుంచి తెప్పించారు. కోయ కుర్రాడి చేతికి నాటకాల పెట్టెలోంచి విల్లూ బాణం తీసి ఇచ్చారు. వాళ్ళమ్మ అంగన్‌వాడీ టీచరు, వాడికి బాణం ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలియదు. పంతులుగారబ్బాయి చొక్కా పైబొత్తాం విప్పి జంధ్యం కనపడేట్టు సర్దారు. "మేం రోజూ ఇలాగే ఉంటామని అనుకుంటార్రా ఇప్పుడు," అని వాడు నా చెవిలో గొణిగాడు. మాల వేశాక నన్ను "రా" అని పిలిచినవాడు వాడొక్కడే. ఆ ఒక్క అక్షరానికి వాణ్ణి ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ ఫోటో ఫ్లెక్సీ అయింది. అడ్మిషన్లు మొదలవుతున్నాయని, పైన పూలదండ మాట, కింద మేము, అందరికంటే పెద్దగా నేను. గేటు పక్కన ఒకటి, గోదావరి గట్టు రోడ్డు మలుపులో ఒకటి కట్టారు. నాన్న కాకినాడకు బియ్యం లోడుతో వెళ్తూ, దారి కాకపోయినా ఊళ్ళోకి లారీ తిప్పి, మలుపులో ఆపి ఫోటో తీసుకున్నాడట. మిల్లు గ్రూపులో, చుట్టాల గ్రూపులో, లారీ డ్రైవర్ల గ్రూపులో పెట్టాడు. ఆదివారం ఫోనులో ముందు ఆ మాటే. "మన ఓనరుగారబ్బాయిలకు కూడా ఫ్లెక్సీ లేదండి స్వామీ," అన్నాడు. స్కూలు గేటు మీద తన బొమ్మే వేలాడుతుంటే మనిషి ఆ గేటు దాటి ఎక్కడికి పోతాడు?

అయినా నాకు ఒక ఆశ మిగిలి ఉంది. ఇరుముడి కట్టుకుని కొండకు వెళ్ళే ముందు నాన్న నన్ను తీసుకెళ్ళడానికి వస్తాడు. మాలలో ఉన్న స్వామి నోట ఏ మాట వస్తే అది దేవుడి మాటని మా వైపు నమ్మకం. అప్పుడు చెబుతాను. నాకిక్కడ వద్దు, నన్ను తీసుకుపో అని స్వామిగా చెబుతాను. నాన్న నా మాట కాదంటాడేమో గానీ స్వామి మాట కాదనడు. ఆ మాటను రోజూ పూజ అయ్యాక నోట్లో నోట్లో అనుకునేవాణ్ణి.

క్రిస్మస్ సెలవులు ఇచ్చిన రోజున నాన్న వచ్చాడు. నన్ను ఫాదర్‌గారి గదికి పిలిపించారు. వెళ్ళేసరికి వార్డెన్ బ్రదర్‌గారు ఉన్నారు. వంటావిడ రైల్లో తినడానికి పులిహోర పొట్లం కట్టుకుని, తలమీద కొంగు కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నాన్న వంగి నా కాళ్ళకు మొక్కాడు. లేచి, చేతులు జోడించి, నేను రోజూ ఎదురుచూసిన ప్రశ్న తానే అడిగాడు.

"స్వామీ, తమరు చెప్పండి. తమరి నోటివెంట వినాలని ఉందండి. ఇక్కడ తమరికి బాగుందాండి?"

ఫాదర్‌గారు నవ్వుతున్నారు, గొప్పకు కాదు, నిజంగా సంతోషంగా. వంటావిడ చేతుల్లో పొట్లం ఇంకా వేడిగా ఉన్నట్టుంది, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటోంది. ఆవిడ నా కోసం చేప ముట్టుకోవడం మానేసింది. ఆయన నా కోసం చెప్పులు విడిచారు. బాగోలేదు అనాలి. ఒక్క మాట. నోరు తెరిచాను.

"బాగుంది స్వామీ," అన్నాను.

నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. వంటావిడ పొట్లం నా సంచిలో పెట్టింది.

సామర్లకోటలో మా వీధి స్వాములందరితో కలిసి రైలెక్కాను. కొండ ఎక్కడం, ఆ జనం, పద్దెనిమిది మెట్లు, అవన్నీ ఇప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఒక్కటే గుర్తుంది. దేవుడి ఎదురుగా నిలబడినప్పుడు, నన్ను అక్కడినుంచి బయటపడెయ్ అని అడుగుదామనుకున్నాను. "నన్ను" అనేలోపే పోలీసు నా భుజం పట్టుకుని పక్కకు నెట్టేశాడు.

తిరిగొచ్చాక అమ్మ నా మెళ్ళో మాల తీసింది. తీసి పటం ముందు పెట్టిందో లేదో నాన్న నా వీపు మీద ఒక్కటి చరిచి "ఒరేయ్, స్నానం చేసి రారా, మీ అమ్మ చేపల పులుసు పెట్టింది," అన్నాడు. ఆ "ఒరేయ్" విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు నేను నేనే. ఇప్పుడు చెప్పొచ్చు.

"నాన్నా, నేను ఆ హాస్టల్‌కి వెళ్ళను. నాకక్కడ బాగోలేదు. మొదటినుంచీ బాగోలేదు," అన్నాను.

నాన్న నన్ను అయోమయంగా చూశాడు. కోపం కాదు, నిజంగానే అర్థంకానట్టు. "అదేంట్రా. బాగుందన్నారు కదరా," అన్నాడు.

"అన్నాను నాన్నా, అప్పుడు..."

"నువ్వు కాదురా. స్వామి అన్నారు." పటం ముందున్న మాలకేసి చూపించాడు. "నువ్వంటే ఇవాళ ఒకటంటావు, రేపు ఒకటంటావు. కుర్రాడివి. ఆయన అబద్ధం చెబుతారేంట్రా? ఆయన మాట మీదే కదా, ఆయన గది దాటగానే ఫాదర్‌గారిని అడిగి తమ్ముడికి కూడా సీటు ఖాయం చేసుకొచ్చాను. జూన్లో ఆరో తరగతికి. ఫాదర్‌గారు ఒప్పుకున్నారు."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పులుసు గిన్నె దించుతూ, నా వైపు చూడకుండా, "వాడికి నువ్వు తోడుంటావు కదరా," అంది. తమ్ముడు అన్నం ముందు కూర్చుని మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. తన సీటు సంగతి అప్పటికే వాడికి తెలుసు. వాడు హారను కొట్టడం మానేశాడని అమ్మ తరవాతెప్పుడో చెప్పింది. నాకు నాన్న మీద కోపం వచ్చింది, ఫాదర్‌గారి మంచితనం మీద వచ్చింది. అందరికంటే ఎక్కువగా ఆ స్వామి మీద వచ్చింది. ఆయనకు ఒక్క మాట నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు ఆయన మాటకు అప్పీలు కూడా లేదు.

జూన్లో ఇద్దరం రెండు పెట్టెలతో ఆ గేటు ముందు దిగాం. ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోయినా ఇంకా ఉంది. నల్లబట్టలు బూడిదరంగుకు తిరిగాయి, మొహం మాత్రం తెలుస్తోంది. నాన్న తమ్ముణ్ణి దాని కింద నిలబెట్టి ఫోటో తీశాడు. ఫాదర్‌గారు వాడి తల నిమిరి "చిన్నస్వామి వచ్చారా," అన్నారు. వాడి మంచం నా మంచానికి దూరంగా, చిన్నపిల్లల హాల్లో వేశారు.

సాయంత్రం ఆటల గంటలో వాడు ఆడుకోవడానికి వెళ్ళలేదు. మెట్ల మీద నా పక్కన వచ్చి కూర్చున్నాడు. కొత్త బూట్లు కరుస్తున్నట్టున్నాయి, మాటిమాటికీ మడమ తడుముకుంటున్నాడు. చాపెల్ పక్కన బొమ్మల గది తలుపుకు తాళం వేసి ఉంది. వాడు దాన్నే చూస్తున్నాడు. ఎవరూ వినకుండా నా వైపు వంగాడు.

"అన్నయ్యా, కార్తీకమాసంలో నేనూ మాల వేసుకుంటే ఇంటికి పంపించేస్తారా?"

నా ఎత్తు సంగతి వాడికి నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు, ఒకే లారీ నడిపినవాళ్ళం. వాడి తలమీద చెయ్యి వేసి, ఆ స్కూలు గురించి ఉన్న నిజం చెప్పాను.

"పంపించర్రా. గది ఇస్తారు."